పడక మోసిన నలుగురు



కొంతకాలం కిందట ఒక ఆదివారం మా శింగనమల ప్రాంతంలోని ఒక పల్లెలో దివ్యబలిపూజ ముగించి బయటికి వచ్చాను. అందరూ వెళ్లిపోయారు. వేపచెట్టు కింద ఒక తల్లి మాత్రం చంకలో బిడ్డను పెట్టుకుని నిలబడి ఉంది. బిడ్డకు మూడేళ్లు దాటాయి. మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంది. కాళ్లు బిగుసుకుని కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. "పూజకు లోపలికి రాలేదేం తల్లీ?" అని అడిగాను. "వీడు అరుస్తాడు సామీ. నలుగురూ తిరిగి సూస్తారు. నలుగురిలోకి తేవాలంటే మనసొప్పదు" అంది.

ఆ బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చింది నేనే. అంతకంటే నన్ను బాధించే సంగతి ఇంకొకటి ఉంది. వాడికి పది నెలల వయసప్పుడు ఇదే తల్లి నా దగ్గరికి వచ్చి, "సామీ, వీడింకా మెడ నిలపలేదు" అని చెప్పుకుంది. నేను బిడ్డ తలమీద చేయి పెట్టి ప్రార్థించాను. "కొందరు పిల్లలకు ఆలస్యమవుతుందమ్మా, భయపడకు, అన్నీ వస్తాయి" అని ధైర్యం చెప్పి పంపాను. ప్రార్థించినందుకు నాకు విచారం లేదు. వైద్యుని దగ్గరికి వెళ్లమని ఒక్క మాట చెప్పకుండా పంపినందుకే విచారం. ఫాదరుగారే చెప్పారు కదా అని ఆ కుటుంబం రెండేళ్లకు పైగా ఎదురుచూసింది. ఈ వారం ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే. నేను చేసిన తప్పు మీలో ఎవరూ చేయకూడదు.

మన కరువుసీమ రైతుకు అదును అంటే ఏమిటో ఒకరు నేర్పనక్కరలేదు. వాన పడి నేల పదునెక్కినప్పుడే శనక్కాయ విత్తనం వేయాలి. పదును ఆరిపోయాక ఎంత మంచి విత్తనం తెచ్చినా, ఎంత ఒళ్లు వంచినా, పంట అంతంత మాత్రమే. బిడ్డ మెదడుకు కూడా దేవుడు అలాంటి అదునొకటి పెట్టాడు. పుట్టిన నాటి నుండి మొదటి మూడేళ్లలో మెదడు ఎంతో వేగంగా ఎదుగుతుంది. ఆరేళ్ల వరకు ఆ ఎదుగుదల చురుకుగానే సాగుతుంది. ఆ వయసులో మెదడులో ఒక చోట దెబ్బ తగిలితే, ఆ పనిని కొంతవరకు మరొక భాగం నేర్చుకోగలదు. అందుకే బిడ్డలో ఏదైనా వెనుకబాటు కనిపించిన వెంటనే శిక్షణ మొదలుపెట్టాలని వైద్యులు చెబుతున్నారు. దీనినే తొలిదశ శిక్షణ అనుకుందాం. ఆలస్యమైన తల్లిదండ్రులు ఇది చదివి గుండె పగలగొట్టుకోవద్దు. అదును దాటితే ఇక ఏమీ లేదని కాదు. ఎప్పుడు మొదలుపెట్టినా మేలే. ముందు మొదలుపెడితే ఎక్కువ మేలు, అంతే.

ఏ గుర్తులు చూడాలి? నాలుగు నెలలు నిండినా మెడ నిలపకపోవడం, మూడు నెలలు దాటినా తల్లి ముఖం చూసి నవ్వకపోవడం, తొమ్మిది నెలలకు కూర్చోలేకపోవడం, ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా బిడ్డను చూపించాలి. వచ్చిన మాట, వచ్చిన నడక ఏ వయసులోనైనా మళ్లీ పోతే ఒక్క రోజు కూడా ఆగవద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పుట్టగానే ఏడవని బిడ్డ, పుట్టిన రోజుల్లో పచ్చకామెర్లు తీవ్రంగా వచ్చిన బిడ్డ ఉన్న ఇంట్లో మరింత మెలకువ అవసరం. చూపిస్తే ఏమీ లేదని తేలవచ్చు. అప్పుడు దేవునికి వందనాలు చెప్పి ఇంటికి రండి, ఒక రోజు కూలి తప్ప నష్టమేమీ లేదు.

ఎక్కడికి పోవాలి అని అడుగుతారు. మొదట మన ఊరి అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదలలో లోపం ఉన్న పిల్లలను జిల్లా స్థాయి కేంద్రానికి పంపడం ఆ పథకంలో భాగమే. బడి ఈడు పిల్లలకు సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రాలు ఉన్నాయి. 1969లో అనంతపురానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌గారి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మన జిల్లా పల్లెల్లో వికలాంగ బిడ్డల కోసం ఎంతగా పాటుపడిందో మీకు నేను చెప్పనక్కరలేదు. దూరం పోగలిగినవారికి సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దానిని నీపిడ్ అంటున్నారు. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దేశంలో 14 చోట్ల చిన్నబిడ్డల శిక్షణ కేంద్రాలు తెరిచినప్పుడు సికింద్రాబాదులోను, మన రాష్ట్రంలోని నెల్లూరులోను ఒక్కొక్కటి ఏర్పడింది.

ఇంతవరకు చెప్పింది బిడ్డ గురించి. అసలు చెప్పదలచుకున్నది ఆ బిడ్డను ఎత్తుకున్న కుటుంబం గురించి.

అక్కడ చికిత్స అంటే సూది, మందు అని మనం అనుకుంటాం. మందులు అవసరమైన బిడ్డలు ఉంటారు. కాని ఎక్కువ భాగం నేర్పడమే. బిగుసుకున్న కాలును ఎలా చాపాలి, బిడ్డను ఎలా కూర్చోబెట్టాలి, అన్నం ఎలా నమిలించాలి, కళ్లలోకి చూసి ఎలా మాట్లాడాలి, ఇవన్నీ నిపుణులు తల్లికి చూపిస్తారు. వారు చూసేది వారానికి ఒక గంటో రెండు గంటలో. మిగిలిన గంటలన్నీ ఇంటివే. స్నానం చేయించేటప్పుడు, ముద్ద పెట్టేటప్పుడు, జోకొట్టేటప్పుడు, రోజూ, నెలల తరబడి, ఫలితం కనబడినా కనబడకపోయినా చేస్తూ ఉండాలి. అంటే ఆ బిడ్డకు అసలైన వైద్యురాలు తల్లే. ఆ తల్లి కూలబడితే శిక్షణ కూలబడుతుంది.

మన పల్లెల్లో ఆ తల్లి పరిస్థితి ఏమిటి? వానలు లేని ఏడు భర్త బెంగళూరుకు కూలికి పోయి ఉంటాడు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు, మంచంలో ముసలి అత్త. కలుపు తీసే రోజుల్లో, శనక్కాయ పీకే రోజుల్లో పనికి పోకపోతే ఆ నెల అప్పు. వారం వారం బిడ్డను ఎత్తుకుని ఆటో ఎక్కి, బస్సు ఎక్కి అనంతపురం పోవాలి. 2025 ఆగస్టు 15 నుండి ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అది మేలే. కాని పోయిన కూలిని ఏ బస్సూ తిరిగి ఇవ్వదు. రెండు వారాలు పోతుంది, మూడో వారం పోలేదు, ఆ తరువాత మానేస్తుంది. అప్పుడు మనం "తల్లికే శ్రద్ధ లేదు" అంటాం.

అంతకంటే బరువైనది మాట. "ఏ జన్మలో ఏ పాపం చేశావో" అంటారు. "గ్రహణంనాడు బయటికి వచ్చావా?" అంటారు. "వద్దన్నా మేనరికం చేసుకున్నారు, అనుభవించండి" అంటారు. మేనరికంలో కొన్ని వంశపారంపర్య జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజం. దగ్గరి రక్త సంబంధపు పెళ్లిళ్లకు శ్రీసభ చట్టం కూడా అడ్డు చెబుతుంది. కాని పెళ్లికి ముందు చెప్పవలసిన మాటను, బిడ్డ పుట్టిన తరువాత తల్లిమీదికి రాయిలా విసరకూడదు. పైగా మేనరికం కాని ఇళ్లలోను ఇలాంటి బిడ్డలు పుడుతున్నారు, మేనరికపు ఇళ్లలో ఆరోగ్యంగా పుట్టేవారే ఎక్కువ.

పుట్టుగుడ్డిని చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు, ఇతడు చేసిన పాపమా, తల్లిదండ్రులు చేసిన పాపమా అని. ఇద్దరిదీ కాదని ప్రభువు చెప్పిన జవాబు పునీత యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో చదవండి. పాపం ఎవరిదని వెతికేవాడు బిడ్డ వెనక్కి చూస్తాడు. ప్రభువు బిడ్డ ముందుకు చూశాడు, వీనియందు దేవుని పని ఎలా జరగాలి అని. శిష్యుల ప్రశ్న మన నోట రెండువేల ఏళ్ల తరువాత కూడా వస్తున్నదంటే, ప్రభువు జవాబు మన చెవికి ఇంకా చేరలేదన్నమాట.

ఇప్పుడు పునీత మార్కు సువార్త రెండవ అధ్యాయానికి రండి. కఫర్నాములో ప్రభువు ఒక ఇంట ఉన్నాడు. ఇల్లంతా జనం, వాకిట కూడా సందు లేదు. ఒక పక్షవాత రోగిని నలుగురు మనుషులు పడకమీద మోసుకుని వచ్చారు. లోపలికి దారి లేక ఇంటిపైకి ఎక్కి కప్పు విప్పి, పడకతో సహా రోగిని ప్రభువు ముందుకు దించారు. ఆ ఇళ్లు మన మట్టి మిద్దెల వంటివే. మిద్దె తవ్వితే మన్ను ఎవరి నెత్తిన పడి ఉంటుందో ఊహించుకోండి. ఎవరో గొణిగే ఉంటారు. అయినా వారు ఆగలేదు. సువార్తికుడు ఇక్కడ ఒక చిన్న సంగతి రాశాడు. ప్రభువు చూసినది రోగి విశ్వాసం మాత్రమే అని రాయలేదు, వారి విశ్వాసం చూశాడని రాశాడు. మోసినవారి విశ్వాసాన్ని కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. వారి పేర్లు మనకు తెలియవు. నలుగురు అని మాత్రమే తెలుసు.

మన భాషలో నలుగురు అంటే లోకం. "నలుగురూ ఏమనుకుంటారో" అని ఆ తల్లి భయపడి వేపచెట్టు కింద నిలబడింది. ఆమె భయపడిన నలుగురం మనమే. సువార్తలో పడక మోసిన నలుగురు కూడా మనమే కావాలి. ఒక బిడ్డ పడకకు నాలుగు కొసలు ఉన్నాయనుకోండి. ఒక్కరు మోయలేరు. నలుగురు తలా ఒక కొస పట్టుకుంటే తేలిక.

మొదటి కొస తోడు. శిక్షణకు పోయే రోజు తల్లి ఒంటరిగా పోకూడదు. బిడ్డ బరువెక్కే కొద్దీ ఎత్తుకోవడం కష్టం. వెంట ఇంకొకరు ఉంటే బస్సులో చోటు చూస్తారు, సంచి పట్టుకుంటారు, నిపుణులు చెప్పిన మాటలలో తల్లి మరిచినవి గుర్తుపెట్టుకుంటారు. మోటారు సైకిలున్న మన యువకులు బస్టాండు దాకా దించి రాలేరా?

రెండవ కొస ఇల్లు. ఆ రోజు మిగతా పిల్లలకు అన్నం పెట్టేదెవరు? ముసలివారికి నీళ్లిచ్చేదెవరు? పక్కింటివారు తమ సట్టిలో ఇంకో రెండు గిద్దెల బియ్యం ఎక్కువ వేస్తే చాలు. విన్సెంట్ డి పాల్ సంఘం ఉన్న విచారణలలో, ఆ తల్లి పోగొట్టుకున్న ఆనాటి కూలిని సంఘం గుట్టుగా భరించవచ్చు. తోడబుట్టిన పిల్లలను కూడా మరవకండి. అమ్మ కళ్లెప్పుడూ తమ్ముడిమీదే ఉంటే అక్క మనసులో ఏముందో అడిగేవారు ఉండరు. ఆ పిల్లను పండుగనాడు మీ పిల్లలతోపాటు బజారుకు తీసుకుపోండి.

మూడవ కొస కాగితాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉంటే ఎన్నో తలుపులు తెరుచుకుంటాయి. మన రాష్ట్రంలో 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది. ఆటిజం, మెదడు పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు భరిస్తుంది. అందులో శిక్షణ ఖర్చులు కూడా వస్తాయి. ఎవరికి ఏది వర్తిస్తుందో గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి. చదువురాని తల్లి ఈ కాగితాల వెంట తిరగలేదు. ఉపదేశిగారూ, చదువుకున్న మన బిడ్డలూ, ఈ కొస మీది.

నాలుగవ కొస చెవి. ఏమీ సలహా చెప్పకుండా కూర్చుని వినేవారు ఆ ఇంటికి అందరికంటే కరువు. "మా వాడు నిన్న నన్ను చూసి నవ్వినాడక్కా" అని చెప్పుకుంటే సంతోషించే ఒక మనిషి కావాలి. ఇతర పిల్లల నవ్వు లెక్క కాదు, ఆ నవ్వు కోసం ఆమె ఎనిమిది నెలలు కాళ్లు చాపించింది, చేతులు తిప్పింది. పెళ్లికి పిలిచేటప్పుడు "బిడ్డతో ఇబ్బంది, వదిలేద్దాం" అనుకోకండి. బిడ్డతో రమ్మని పిలవండి.

గుడిలో కూడా కప్పు విప్పవలసిన చోటు ఉంటే విప్పుదాం. మెట్లున్న చోట పక్కన వాలుదారి కట్టుకుందాం. పూజలో బిడ్డ అరిస్తే వెనక్కి తిరిగి చూడకండి. ఆ అరుపు నా ప్రసంగానికి అడ్డు కాదు. ఆ ఇల్లు గుడికి రాకపోవడమే నాకు అడ్డు. 2000 జూబిలీ సంవత్సరంలో డిసెంబరు 3న పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారు రోములో వికలాంగులతో కలిసి ప్రత్యేక జూబిలీ జరుపుకున్నారు. ఇలాంటి బిడ్డను ప్రేమతో స్వీకరించే కుటుంబం శ్రీసభకు గొప్ప సాక్ష్యమని ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో కుటుంబ ప్రేమ గురించి రాసిన లేఖలో గుర్తుచేశారు. రోములో జరిగినది మన పల్లె గుడిలో జరగడానికి ఖర్చేమీ లేదు. ఆ ఇంటికి ముందు వరసలో ఒక చోటు విడిచిపెడితే చాలు.

ఇక ప్రార్థన సంగతి. గుణదల మాత దగ్గరికో, వేళాంగణికో మొక్కుకుని పోయే తల్లిదండ్రులను నేను ఆపను. తప్పక వెళ్లండి. తిరిగి వచ్చిన మరుసటి వారం శిక్షణ మాత్రం తప్పించవద్దు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు బోధ ఒకటి నేర్చుకున్నాం. దేవుని కృప మానవ స్వభావాన్ని పక్కకు నెట్టి పనిచేయదు, ఆ స్వభావంలోనే పనిచేసి దానిని నిండుచేస్తుంది. ఆ బోధ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న నేను, పది నెలల బిడ్డను చంకనెత్తుకున్న తల్లి ముందు మరిచిపోయాను. తల్లి చేతులతో రోజూ ఆ కాలును చాపించేది కూడా దేవుని కృపే. "విశ్వాసం ఉంటే మూర్ఛ మందులు ఆపేయండి" అని ఎవరైనా చెబితే, వారు ఎంత గొప్ప ప్రార్థనాపరులైనా నమ్మకండి. ఆ మందులు ఉన్నట్టుండి ఆపడం బిడ్డ ప్రాణానికే ముప్పు.

తండ్రులారా, మీకొక మాట. బిడ్డను చూడలేక తాగుతున్నానని ఒకాయన నాతో అన్నాడు. మీ దుఃఖం నిజమే. కాని ఐగుప్తుకు పారిపోయిన రాత్రి యోసేపుగారు తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకునే నడిచాడు. దూరాన పనిలో ఉంటే రోజూ ఫోను చేసి, బిడ్డ చెవి దగ్గర పెట్టించి మాట్లాడండి. వాడికి మాట రాకపోవచ్చు, మీ గొంతు గుర్తుంటుంది.

వేపచెట్టు కింద నిలబడిన ఆ బిడ్డ సంగతి చెప్పి ముగిస్తాను. వాడు ఈనాటికీ నడవడం లేదు. నడుస్తాడని ఎవరూ మాట ఇవ్వలేదు. మొదటి శనక్కాయ పీకే కాలంలో ఆ తల్లి ఐదు వారాలు శిక్షణకు పోలేకపోయింది. ఆ తరువాత మరియదళంలోని ఇద్దరు అక్కలు వంతులు వేసుకున్నారు. ఒక వారం ఒకరు బస్సులో తోడు పోతే, ఇంకొకరు ఇల్లు చూసుకున్నారు. ఇప్పుడు వాడు మెడ నిలుపుతున్నాడు. గోడ మూలన ఆనించి కూర్చోబెడితే కూర్చుంటున్నాడు. పూజలో గంట మోగినప్పుడు తల తిప్పి చూసి పెద్దగా అరుస్తాడు. ఇప్పుడు ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. తల్లి మూడో వరసలో కూర్చుంటుంది.

పోయేనాడు మోయడానికి నలుగురుండాలని మన పెద్దలంటారు. అందుకోసం మంచిగా బతకమంటారు. ఆ రోజున పిలవకుండానే వస్తాం, పని మానుకుని వస్తాం, బరువని అనుకోం. బతికున్న బిడ్డను మోయడానికి కూడా అలాగే రావాలి. ఈ ఆదివారం పూజ ముగిశాక వెంటనే ఇంటిదారి పట్టకండి. మన వాడలో, మన చిన్న క్రైస్తవ సమాజంలో ఏ ఇంట అలాంటి పడక ఉందో అడగండి. పోయి ఒక కొస పట్టుకోండి.

తన బిడ్డను చంకనెత్తుకుని దారి నడిచిన మరియమాత ఆ తల్లులందరికీ తోడుండుగాక. ప్రభువు మీ ఇళ్లను దీవించుగాక. ఆమెన్.